వేలు పడని వాళ్ళకి

అక్కా,

నువ్వు చనిపోయిన ఏడాదికి, మీ చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగల పనివాళ్ళు ఆర్డర్లు చూసుకునే వెబ్‌సైట్‌లో లాగిన్ మార్చాను. పాస్‌వర్డ్ గుర్తుండట్లేదని గోలపెట్టేదానివిగా, వేలిముద్ర పెడితే చాలు అనేలా చేశాను. షెడ్డులో నీ పక్కన కూర్చుని గాజులకి మెరుగు పెట్టే మంగమ్మగారే ముందు వేలు ఆనించారు.

"పడట్లేదమ్మా, గీతలన్నీ అరిగిపోయాయి. మీ అక్కకీ అంతేగా," అన్నారు.

అక్కడే కూర్చుని, ఫోన్‌కి వచ్చిన ఓటీపీ కొట్టినా తెరుచుకునేలా మార్చాను. ఆవిడకి తెరుచుకుంది. టీ ఇచ్చారు, తాగాను.

ఇంటికొచ్చి నీ ఫోన్‌లోనూ చూద్దామని తీశాను. నీ వేలు పడదని అందులో నా వేలే పెట్టించావు. "ఒసేయ్, ఓసారి వచ్చి వేలు పెట్టవే" అని వంటింట్లోంచి రోజూ పిలిచేదానివి.

ఇవాళ ఎవరూ పిలవకుండానే పెట్టాను. తెరుచుకుంది.