రెండుసార్లు లెక్కించిన జాలర్లు

సెందాయ్
అక్టోబర్ 1

నా మొండి నాన్నా,

ఎలా ఉన్నావు? ముందు శుభవార్త. మా పని అయిపోవచ్చింది! శుక్రవారం పత్రికకు పంపిస్తున్నాం. సంతోషం పట్టలేక కార్యాలయం మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతున్నాను.

“మీ అమ్మాయి ఏం చేస్తుంది?” అని షాపులో ఎవరైనా అడిగితే, “ఊళ్లోవాళ్లు చేసిన పరిశోధనలు కూర్చుని చదువుతుంది” అంటావట, గడ్డం గీస్తూ. అను, పరవాలేదు. కానీ ఒక్కో పరిశోధన ఒక్కో మాట చెబుతుంది నాన్నా. వాటన్నిటినీ ఏరి, తాలు తీసేసి, మిగిలినవాటిని కలిపి తూచి, చివరికి తేలిందేమిటో ఎవరో ఒకరు చెప్పాలి కదా. నేనూ నాతో పనిచేసే యనాగి గారూ ఒకే కాగితాలను విడివిడిగా చదువుతాం. ఆయన నిర్ణయం నేను చూడకూడదు, నాది ఆయన చూడకూడదు. తేడా వచ్చినప్పుడు మాత్రం ఎదురెదురుగా కూర్చుని పోట్లాడుకుంటాం.

మా ప్రశ్న ఇది: జబ్బు పేరు చెప్పి భయపెడితే మనుషులు పరీక్ష చేయించుకుంటారా? ముప్పై ఎనిమిది పరిశోధనలు కలిపి తూస్తే జవాబు వచ్చింది. చేయించుకుంటారు!

రెండేళ్లుగా నీకు ఆ పాడైన పొట్టల బొమ్మలు ఎందుకు పంపుతున్నానో ఇప్పుడు తెలిసిందా? అమ్మను తీసుకుపోయిన జబ్బు అది. మొన్న బొన్ పండక్కి వచ్చినప్పుడు నీ దువ్వెనల సొరుగు తెరిచాను. నగరపాలిక వాళ్లు పంపిన పొట్ట పరీక్ష కవర్లు, నాలుగేళ్లవి, ఒక్కటీ విప్పలేదు. అప్పుడు నీతో ఏమీ అనలేకపోయాను. ఇప్పుడు అంటున్నాను. భయపడు నాన్నా. దయచేసి కాస్త భయపడు.

నీ చిగుసా


సెందాయ్
అక్టోబర్ 4

బంగారు నాన్నా,

మొన్నటి ఉత్తరం చదివావా? చదివి ఉంటే మరిచిపో. నేను తప్పు చెప్పాను. తప్పు చెప్పినందుకు ఇంత ఉత్సాహంగా ఉన్న మనిషిని నువ్వు చూసి ఉండవు!

గురువారం సాయంత్రం యనాగి గారు రెండు కాగితాలు నా బల్ల మీద పడేశారు.

“చిగుసా గారూ, ఈ జాలర్లు పన్నెండు వందల ఆరుగురు. ఆ జాలర్లూ పన్నెండు వందల ఆరుగురే. ఇక్కడ మధ్యలో మానేసినవాళ్లు ఎనభై ముగ్గురు, అక్కడా ఎనభై ముగ్గురే. కవలల ఊరంటారా?”

“రాసినవాళ్లు వేరు కదండీ! ఒకరు కోంతా, ఒకరు ఇగరాషి. ఏడాది కూడా వేరే.”

“ఇద్దరూ ఆడవాళ్లేనా? పెళ్లిళ్లయ్యాయో లేదో కనుక్కోండి ముందు.”

నాన్నా, నా మొహం చూడాల్సింది! పెళ్లయితే ఇంటిపేరు మారుతుందని ఈ దేశంలో చిన్నపిల్లకైనా తెలుసు. మాకు తట్టలేదు. మర్నాడు పొద్దున్నే ఇగరాషి గారికి ఫోన్ చేశాను. అరవై ఏళ్లావిడ, పకపకా నవ్వేసింది.

“రెండూ నేనేనమ్మా! పెళ్లికి ముందు మా కాలేజీ పత్రికలో రాశాను, పెళ్లయ్యాక ఇంగ్లీషులో రాశాను. ముప్పై ఏళ్లకి ఒక్కరైనా అడిగారు!”

అంటే మా తూకంలో అతి పెద్ద పరిశోధనను రెండుసార్లు వేశామన్నమాట. ఒకటి తీసేసేసరికి జవాబు చేతుల్లోంచి జారిపోయింది. భయపెట్టడం వల్ల ఏమీ జరగడం లేదు! పత్రికకు పంపడం ఆపేశాం. ఆ సంగతి చెప్పడానికి మళ్లీ ఫోన్ చేసి నేను ఏడవబోతుంటే ఇగరాషి గారే అంది.

“కాలేజీ పత్రికలో చివరి పట్టిక చూశావా? ఇంగ్లీషు పత్రిక వాళ్లు చోటు లేదని తీసేశారు. భయపడినవాళ్లందరూ ‘వస్తాం, వస్తాం’ అన్నారు తల్లీ. వచ్చింది మాత్రం, ఏ రోజు వస్తారు, ఎలా వస్తారు, ఎవరితో వస్తారు అని మేం కూర్చోబెట్టి రాయించినవాళ్లే. మిగతావాళ్లు మా కరపత్రం కనిపిస్తే మొహం తిప్పుకునేవాళ్లు.”

ముప్పై ఏడింటినీ మళ్లీ తీశాం. ఆ మూడు ప్రశ్నలు అడిగినవి పదకొండు దొరికాయి. పదకొండింటిలోనూ జనం కదిలారు! యనాగి గారు కుర్చీలోంచి లేచి గంతు వేశారు. యాభై ఏళ్ల మనిషి!

నేనూ గంతు వేశాను. తర్వాత కూర్చుంటే సిగ్గేసింది. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. జూన్‌లో మా ఆఫీసు పరీక్షలయ్యాక నాకొక కాగితం వచ్చింది. పొట్ట మరోసారి చూపించుకోవాలట. మొదటి వాక్యం చదివి మడిచి సొరుగులో పెట్టాను. నాలుగు నెలలైంది. రోజంతా భయం గురించే చదివే నేను, నీ కూతుర్ని అనిపించుకున్నాను.

ఆ బొమ్మలన్నీ చింపేయ్. నిన్ను అలా బెదిరించినందుకు క్షమించు. నాకోసం ఈ మూడూ రాసి పంపు, చాలు.

ఏ రోజు?
ఎలా వెళ్తావు?
ఎవరితో?

నీ చిగుసా


సకాతా
అక్టోబర్ 21

చిగుసా తల్లికి,

నువ్వు పంపిన బొమ్మలు చింపనక్కర్లేదు. మొదటిది తప్ప ఒక్కటీ చూడలేదు. మొదటి కవరులో ఏముందో తెలిశాక, నీ చేతిరాత కనబడితే చాలు, నాకు చేతులు ఆడేవి కావు. రెండేళ్లుగా నా కూతురి ఉత్తరాలు విప్పకుండా దాచుకున్నాను. ఇది చెప్పడానికి నాకూ సిగ్గుగానే ఉంది. ఈసారి కవరు పల్చగా ఉంది, బొమ్మ ఉండదులే అని విప్పాను. తర్వాత మిగతావన్నీ విప్పి, బొమ్మలు పక్కన పెట్టి నీ మాటలు చదువుకున్నాను. చేపల పడవ మత్సుకిచి జుట్టు కత్తిరించుకుంటూ ఆ జాలర్ల సంగతి విని ఒకటే నవ్వు. “ఆ పన్నెండొందల మందిలో నేనూ ఉన్నానేమోరా! రెండుసార్లు లెక్కేసుకున్నారా నన్ను?” అన్నాడు.

నిన్న సోమవారం, షాపు సెలవు. వాడి వ్యానులో ఇద్దరం పరీక్షకి వెళ్లాం. సున్నం లాంటి మందు తాగించి, బల్ల మీద పడుకోబెట్టి గిరగిరా తిప్పారు. వాడు బయటికి వచ్చి, “సముద్రంలో కూడా ఇంత తిరగలేదురా షోజో” అని గోడ పట్టుకున్నాడు. ఫలితం రెండు వారాల్లో వస్తుందట. అదేదైనా సరే, కవరు వచ్చిన రోజే విప్పుతాను.

నీ ఉత్తరం అడుగున మూడు ప్రశ్నలున్నాయి కదా. నా జవాబులు పైన రాశాను. నీవి నువ్వు రాసుకోలేదు. అందుకని నేనే రాస్తున్నాను.

ఏ రోజు: నవంబర్ 10, సోమవారం.
ఎలా: ఆరుంబావు బస్సుకి బయలుదేరతాను. బస్టాండులో నిలబడు.
ఎవరితో: నాతో.

మీ నాన్న