ఒక మడత ఎక్కువ

ఫుషున్,
కొత్త సంవత్సరం వచ్చిన పదో రోజు.

చిరంజీవి షువాంగ్‌ను అమ్మ మనసారా దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేను, నాన్న, నాయనమ్మ కులాసా. మన కిటికీ అద్దాల మీద మంచు ఇంకా పేరుకునే ఉంది. నువ్వు అక్కడ కున్‌మింగ్ ఎండలో నల్లబడి ఉంటావు. ఫుట్‌బాల్ క్యాంపులో మీ ఫోన్లు తీసేసుకోవడం ఒకందుకు మంచిదే అయింది, లేకపోతే నీ చేతిరాత చూసే భాగ్యం మాకెక్కడిది? అచ్చం కోడి కెలికినట్టుంది. రాత దిద్దుకోవే అంటే బంతి వెంట పరుగెత్తావు, అనుభవించు.

నాన్న నడుము నొప్పి గురించి అడిగావు. తగ్గింది. నాలుగు రోజులు సెలవు పెట్టమంటే, "తొమ్మిదో నంబరు బస్సు నేను నడపకపోతే ఇంకెవరు నడుపుతారే?" అంటాడు. నీ చొక్కా మీది నంబరని డిపోలో బతిమాలి ఆ రూటు వేయించుకున్న మనిషి! ఎక్కిన ప్రతివాళ్లకూ నీ గోల్స్ వర్ణిస్తాడట. మొన్న ఒకావిడ, "మీ అమ్మాయి గోల్ కొట్టేలోగా నా స్టాపు దాటిపోయిందయ్యా" అని తగువు పెట్టుకుందట.

నాయనమ్మకు నీ మీద కోపం పోయిందా అని అడిగావు. ఆవిడకు కోపం నీ మీద ఎప్పుడుందే? పోయినేడు వరసగా పదకొండు మ్యాచ్‌లు నీకు గోల్ పడకపోయేసరికి అవతలి గోల్‌కీపర్లను తిట్టింది, గాలిని తిట్టింది, టీవీని కూడా ఒక్కటిచ్చింది. మొన్న ప్రాక్టీసులో రెండు గోల్స్ కొట్టావని నీ ఉత్తరం చదివి వినిపిస్తే, "చూశారా, పండగ కుడుములోని నాణెం పనిచేసింది!" అని చప్పట్లు కొట్టింది. ఆ నాణేన్ని మేజోడులో పెట్టుకుని ఆడుతున్నావని రాశావు. అది చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

ఎందుకంటే, ఉత్తరం చివర ఇంకో మాట అడిగావు. "అమ్మా, ఆ నాణెం ఉన్న కుడుము రుచి వేరుగా ఉందేం? దాంట్లో ఏం పెట్టావు?" అని. దీనికి జవాబు రాయడానికి మూడు రోజులు పట్టింది.

దాంట్లో పంది మాంసం ఉంది షువాంగ్.

జాతీయ జట్టు పిల్లలు బయటి మాంసం ముట్టకూడదని నాకు తెలియక కాదు. పందులకు కొవ్వు పట్టకుండా కొందరు దాణాలో మందు కలుపుతారనీ, అది మీ మూత్ర పరీక్షలో బయటపడితే ఏళ్ల తరబడి ఆడనివ్వరనీ నువ్వే వంద సార్లు చెప్పావు. జట్టులో చేరాక ఏడేళ్లకు మొదటిసారి పండక్కి ఇంటికొస్తున్నావని, నీకు గుడ్డూ ఉల్లికాడలూ పెట్టి విడిగా చేశాను. మాకు మామూలుగా పులిసిన క్యాబేజీ, మాంసం. గిన్నెలు కూడా వేరు పెట్టాను. అంతవరకూ బాగానే ఉంది. ఏటా కొత్త సంవత్సరం పండక్కి ఒక్క కుడుములో అదృష్టపు నాణెం పెట్టే నాయనమ్మ మాత్రం అలవాటు కొద్దీ మాంసం కుడుములో పెట్టేసింది, నేనూ చూసుకోకుండా మూసేశాను. తీసి మారుద్దామంటే, "మూసిన అదృష్టాన్ని విప్పుతావుటే అమ్మాయ్!" అని నా చెయ్యి పట్టుకుంది.

నువ్వేమో బల్ల దగ్గర తల వంచుకుని, "ఇరవై తొమ్మిదేళ్లు వచ్చాయమ్మా, గోల్స్ లేవు, ఈసారి పోటీలకు తీసుకోరేమో" అన్నావు. నీ ముఖం చూసి నా మనసు ఆగలేదు. ఒక్కటే కదా, ఒక్క కుడుము ఏం చేస్తుందిలే అనుకున్నాను. నా చేత్తోనే తీసి నీ గిన్నెలో వేశాను. నీ పంటికి నాణెం తగలగానే చిన్నపిల్లలా కేకలు పెట్టావు. ఆ సంబరంలో నోట్లోది మింగేశావు.

ఇప్పుడు ఆసియా పోటీలకు ముందు అందరికీ పరీక్ష ఉందని రాశావు. ఇక దాచలేక నాన్నకు చెప్పేశాను. ఆయన అరవలేదు, అరిచినా బాగుండేది. "దానికి ఆ పేరు రావడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది. ఇవాళే రాయి" అన్నాడు. నాయనమ్మ మాత్రం, "అంతగా ఆడనివ్వకపోతే నన్ను ఆడనివ్వొద్దని చెప్పండి! ఎనభై ఏళ్లదాన్ని, నాకొచ్చే నష్టమేమిటి?" అంది. ఏడుస్తూనే నవ్వాను.

మిగిలిన కుడుములు బాల్కనీలో గడ్డకట్టి ఉంటే, నాన్న మంచు పెట్టెలో పెట్టుకుని షెన్యాంగ్ ల్యాబులో పరీక్ష చేయించడానికి తీసుకెళ్లాడు. ఫలితం ఇంకా తెలియదు. అది వచ్చేదాకా ఆగకు. ఈ ఉత్తరం అందగానే మీ జట్టు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పు. నన్ను కాపాడాలని చూడకు. బడిలో అద్దం పగలగొట్టిన పిల్ల పేరు చెప్పకుండా దెబ్బలు తిన్నదానివి, నీ సంగతి నాకు తెలియదా? తప్పు నాదేనని రాసి, సంతకంతో పాటు వేలిముద్ర కూడా వేసిన కాగితం ఇందులో పెట్టాను, అదీ చూపించు. ఈసారి పోటీలు తప్పిపోవచ్చు. అవి నీకెంత ముఖ్యమో తెలిసే రాస్తున్నాను. నన్ను తిట్టు, కొన్నాళ్లు ఉత్తరాలు మానెయ్యి, పడతాను. కానీ ఇది దాచిపెట్టి మైదానంలోకి మాత్రం దిగకు.

అన్ని కుడుముల్లో నాణెం ఉన్నది నాకెలా తెలిసిందని అడుగుతావు. అదీ చెప్పేస్తాను. ఆరేళ్లప్పుడు ఒక పండక్కి నాణెం నీకు రాలేదని ముద్ద ముట్టకుండా ఏడ్చావు. మరుసటి ఏడు నుంచి నాయనమ్మ నాణెం పెట్టి ఇవ్వగానే అంచు మూసేది నేనే. అన్నిటికీ పన్నెండు మడతలు, దానికి పదమూడు. నువ్వు ఇంట్లో ఉన్న ప్రతి పండక్కీ అది నీ గిన్నెలోనే పడింది. నువ్వు అదృష్టం అనుకున్నది నా బొటనవేలే తల్లీ.

జట్టులో చేరాక ఏడేళ్లు పండక్కి రాలేదు, నీకు నాణెమూ లేదు. ఆ ఏడేళ్లలోనే దేశం తరఫున నలభై ఒక్క గోల్స్ కొట్టావు. వాటిలో ఒక్కదానికీ నేను మడత పెట్టలేదు.

ఆ నాణెం మేజోడులోంచి తీసెయ్యి. కాలు ఒరుసుకుపోతుంది.

ఇట్లు,
నువ్వు కోప్పడినా నీ ఉత్తరం కోసం గుమ్మంలోనే నిలబడే
మీ అమ్మ