కత్తిరించని రిబ్బను వెనక ఎనిమిది కుండలు

కారంపూడి మండలం,
తేది: 16-04-2025.

ఫిర్యాదుల విచారణాధికారి గారి సముఖమునకు,
దూరపు పరుగు పోటీల విభాగం, నరసరావుపేట.

అయ్యా,

విషయం: ఈ నెల 12వ తేదీన జరిగిన ఆడపిల్లల ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగులో మొదట వచ్చిన షేక్ జెబా పేరు కొట్టివేయుట – సదరు పేరు తిరిగి రాయించుట – కొట్టివేసిన వారి మీద తగిన చర్య, వీలైతే తగినదానికన్నా కాస్త ఎక్కువ చర్య తీసుకొనుట – గురించి.

సూచిక: పరుగుల సంఘం పర్యవేక్షకులు శ్రీ గోపాలకృష్ణయ్య గారు అదే రోజు రాసి సంతకం చేసిన నివేదిక.

మిరప కోతల కూలీని, నలభై ఏడేళ్ల దానిని, సుందరి అను నేను తమకు తెలియపరచుకొనునది. పై నివేదికలో 'గుర్తు తెలియని అనధికార వ్యక్తి' అని రాసింది నన్నే. నేను పదో తరగతి దాకా చదివాను. మా పల్లెలో పింఛను ఆగినా, కుళాయి ఆగినా అర్జీ రాసేది నేనే. ఇన్నాళ్లూ ఊరివాళ్ల కోసం రాశాను గనుక మర్యాదగా రాశాను. ఈసారి నా గురించి నేనే రాసుకుంటున్నాను. ఎక్కడైనా మాట జారితే తమరు క్షమించాలి. గోపాలకృష్ణయ్య గారు క్షమించనక్కర్లేదు.

1. సదరు పరుగు ఉదయం ఆరు గంటలకు కారంపూడిలో మొదలు కావలసి ఉండగా, వేదిక మీద ఉపన్యాసాలు తెమలనందున తొమ్మిదింటికి మొదలైనది. దారి గురజాల వైపు పదిన్నర కిలోమీటర్లు పోయి, అదే రోడ్డున వెనక్కి రావడం. మొత్తం దారికి మంచినీళ్ల ఏర్పాటు ఒక్కచోటే చేశారు. కారంపూడి నుంచి ఏడో కిలోమీటరు దగ్గర తాటాకు పందిరి వేసి చలివేంద్రం పెట్టారు. అది మేము కాయలు కోస్తున్న చేనికి సరిగ్గా ఎదురుగా ఉంది. కాబట్టి పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి ప్రతి పిల్లా మా కళ్ల ముందు నుంచే పరుగెత్తింది. మేము పద్నాలుగు మంది ఆడవాళ్లం. సాక్షులకు కొదవ లేదు.

2. ఆ చలివేంద్రంలో కొత్త కుండలు ఎనిమిది ఉన్నాయి. కింద తడి ఇసుక పోశారు. కుండలకు పూలదండలు వేశారు, మూతల మీద స్టీలు గ్లాసులు బోర్లించారు. పైన పెద్దల ఫొటోలతో బ్యానరు కట్టారు. అంతా బాగానే ఉంది. పందిరికి నాలుగు వైపులా ఎర్ర రిబ్బను కూడా కట్టారు. ముఖ్య అతిథి గారు కారులో వచ్చి దాన్ని కత్తిరించేదాకా ఒక్క చుక్క బయటికి పోకూడదని అక్కడ కాపలా కూర్చున్న ఇన్నయ్యకు ఆజ్ఞ.

తొమ్మిదీ ముప్పావు కాకముందే జెబా వచ్చింది. అందరికన్నా ముందు ఆ పిల్లే. అప్పటికి ఆ పిల్ల పేరు కూడా నాకు తెలియదు. రిబ్బను మీదుగా గ్లాసు కోసం చెయ్యి చాపింది.

"ముట్టుకోమాక తల్లీ, సారు ఇంకా రాలా. రిబ్బన్ కటింగ్ కాలా," అన్నాడు ఇన్నయ్య.

"అన్నా, ఒక్క గ్లాసు! గొంతు ఎండిపోతంది."

"నా చేతిలో ఏముందమ్మా? పైనోళ్లు చెప్పారు. వచ్చేటప్పుడు తాగుదువులే, అప్పటికి కట్ అవుద్ది."

పిల్ల ఒక్క క్షణం ఆ కుండల వైపు చూసి మళ్లీ పరుగు అందుకుంది. వెనక వచ్చిన పదిమందికీ ఇదే జవాబు.

3. ఆ రోజు ఎండ మామూలు ఎండ కాదు. ఇది ఫిర్యాదు కాదు, తమ ఆఫీసులో కూలర్ ఉంటుంది గనుక తెలియపరుస్తున్నాను.

4. ఇక నా సీసా సంగతి. నివేదికలో 'గుర్తు తెలియని ద్రావణం' అని రాశారు. అయ్యా, అది గుర్తు తెలియనిది కాదు. మా ఆశా కార్యకర్త ఝాన్సీలక్ష్మి ఈ నెల 8వ తేదీన కూలీలందరికీ పంచిన ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు, రెండు లీటర్ల నీళ్లలో కలిపాను. సీసా చుట్టూ తడి గోనెపట్టా కట్టి మోదుగ చెట్టు నీడన పెట్టాను. ప్యాకెట్టు మీద సర్కారు ముద్ర కూడా ఉన్నది. ఖాళీ ప్యాకెట్లు రెండూ ఈ అర్జీకి జతపరిచాను. గుర్తుపట్టండి.

ఎండలో నీళ్లు తాగడం మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. దాహమయ్యేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైనట్టు. చెమటతో ఉప్పు పోతుంది గనుక వట్టి నీళ్లు ఎన్ని తాగినా కాళ్లు లాగుతాయి. గటగటా తాగితే కడుపులో పట్టేస్తుంది. కాబట్టి అరగంటకోసారి రెండు గుక్కలు తాగి మళ్లీ సాలులోకి వంగుతాం. ఈ సంగతి పరుగుల సంఘం వారికి తెలియకపోవడం నేరం కాదు. తెలియనివాళ్లు అడిగితే చెప్పేవాళ్లం.

ఆ సీసాలోంచి మొదట తాగింది ఎవరో తెలుసా? ఇన్నయ్య. ఎనిమిది కుండల పక్కన కూర్చుని నాలుక ఎండి, మా చేలోకి వచ్చి "సుందరక్కా, కాసిని పొయ్యి" అన్నాడు. పోశాను.

రెండో మనిషి గోపాలకృష్ణయ్య గారు. ముఖ్య అతిథి గారి కారు కోసం చూస్తూ మోటారు సైకిల్ ఆపుకుని రోడ్డు మీద నిలబడి నిలబడి, పది గంటల వేళ గట్టు దిగి వచ్చారు.

"అమ్మాయ్, మంచినీళ్లున్నయ్యా?"

"ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లున్నయ్యి సార్."

"ఏదో ఒకటి పొయ్యమ్మా, ప్రాణం పోతంది."

దోసిలి పట్టి మూడు దఫాలు తాగారు. తాగి, "చానా బాగున్నయ్యే" అన్నారు.

5. పది దాటి పావుగంటకు జెబా తిరిగి వచ్చింది. పద్నాలుగు కిలోమీటర్లు అయినట్టు. పెదాల మీద తెల్లగా ఉప్పు కట్టింది. చెమట ఆగిపోయింది. ఎండలో చెమట ఆగిపోతే ఏమవుతుందో కూలీవాళ్లను అడగండి, మా ఆడపడుచు అట్లాగే చేలో కుప్పకూలి మళ్లీ లేవలేదు. రిబ్బను అట్లాగే ఉంది. పిల్ల కుండల వైపు చూడలేదు కూడా. సాలు చివర ఉన్న నా వైపు చూసి, "పిన్నమ్మా, రెండు గుక్కలియ్యి" అంది.

కాయలు కోసిన చేతులు మంట గనుక మట్టితో తోముకుని, సీసా మూతిని కొంగుతో తుడిచి ఇచ్చాను.

"గటగటా తాగమాక. గుక్కెడు నోట్లో పెట్టుకుని మెల్లగా మింగు. తల మీద కూడా పోసుకో," అన్నాను. ఆ పిల్ల అట్లాగే చేసింది. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. మళ్లీ పరుగెత్తింది, అడుగు తేలిగ్గా పడుతోంది. చూసి మేమంతా కేకలు వేశాం.

గోపాలకృష్ణయ్య గారు అక్కడే, బండి మీద, తడిసిన మీసంతో ఉన్నారు. జేబులోంచి పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు. మమ్మల్ని మెచ్చుకుని రాస్తున్నారనుకున్నాను. నా తెలివి అంతే.

6. పదకొండు మందిలో ఏడుగురు కళ్లు తిరిగి ఆటో ఎక్కారు. నలుగురు చివరిదాకా వచ్చారు. వారిలో జెబా మొదట వచ్చిందని మైకులో చెప్పి చప్పట్లు కొట్టించి, ఇరవై నిమిషాల తర్వాత అదే మైకులో కాదన్నారు. సంఘం ఏర్పాటు చేసిన చోట తప్ప మరెక్కడా నీరు తీసుకోరాదన్న నిబంధనను ఉల్లంఘించి, 'అనధికార వ్యక్తి చేతి నుండి ఉప్పగాను, కొద్దిగా తియ్యగాను ఉన్న గుర్తు తెలియని ద్రావణం' తాగినందున పేరు కొట్టివేశారట. అయ్యా, ఉప్పగా ఉందో తియ్యగా ఉందో రోడ్డు మీద నిలబడి చూస్తే ఎట్లా తెలుస్తుంది? ఈ ఒక్క ప్రశ్న ఆయన్ని నా ఎదుట నిలబెట్టి అడగాలని కోరుతున్నాను.

ముఖ్య అతిథి గారు పదకొండూ నలభైకి వచ్చారు. రిబ్బను కత్తిరించారు. మొదటి గ్లాసు ఆయనే తాగారు, ఫొటో తీశారు. అప్పటికి ఆ రోడ్డు మీద పరుగెత్తే పిల్ల ఒక్కతీ లేదు.

రెండోగా వచ్చిన దీప్తి పేరును ఇప్పుడు మొదట రాశారు. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. ఆ పిల్లకు నేను నీళ్లిచ్చానా లేదా అన్నది ఈ అర్జీలో రాయను. రాస్తే ఆ పేరు కూడా కొట్టేస్తారు.

7. ఇంతవరకైతే నేను తిట్టుకుని ఊరుకునేదాన్ని. 14వ తేదీ సాయంత్రం జెబా తండ్రి రఫీక్ మా ఇంటికి వచ్చాడు. కారంపూడి బస్టాండు పక్కన బండ్లు బాగుచేస్తాడు. చేతుల గ్రీజు కూడా కడుక్కోకుండా వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఆ నివేదిక నకలు నా చేతిలో పెట్టి జరిగింది చెప్పాడు.

అదే 14వ తేదీ పొద్దున గోపాలకృష్ణయ్య గారు తండ్రినీ కూతుర్నీ పిలిపించారట. టైపు చేసిన కాగితం ఒకటి ముందు పెట్టారట. 'ఎవరో కూలీ ఆడమనిషి నన్ను దారిలో ఆపి బలవంతంగా ఏదో తాగించినది, నా తప్పు లేదు' అని అందులో ఉన్నది. జెబా సంతకం పెడితే పేరు తిరిగి మొదట రాస్తామన్నారు. 21వ తేదీన రాష్ట్ర పోటీల జాబితా పోతుంది. ఆ పోటీలో పరుగెత్తితేనే వ్యాయామ టీచర్ల కాలేజీలో ఆటల కోటా కింద సీటు అడగవచ్చు. రెండేళ్లుగా ఆ పిల్ల తెల్లవారక ముందే లేచి పరుగెత్తేది దానికే.

"పెట్టిందా?" అని అడిగాను.

"పెట్టలా అక్కా. ఎవురూ బలవంతం చెయ్యలా, నేనే అడిగా, అడిగితే ఇచ్చింది అని సారు మొహం మీదే చెప్పింది. నా బతుకంతా బండ్ల కింద పడుకున్నా, నువ్వన్నా పైకి రావే అని చెబుదామనుకున్నా. సంతకం పెట్టమని చెప్పలేకపొయ్యా."

అయ్యా, నా కడుపు మండింది. ముప్పై ఏళ్లుగా మిరపకాయల మధ్య బతుకుతున్నాను, ఇంత మంట ఎరగను. మా అమ్మ కాలంలో మా చేతి నీళ్లు ఊళ్లో ఎవరూ ముట్టేవారు కాదు. ఇప్పుడు అందరూ తాగుతున్నారు. తాగి, మూతి తుడుచుకుని, కాగితం మీద మాత్రం అనధికారం అని రాస్తున్నారు. మా అమ్మ కాలం వాళ్లే నయం, దాహంతో చచ్చినా తాగేవాళ్లు కాదు. నా పేరైనా తెలియని పిల్ల నా మీద ఒక్క అబద్ధం రాయనందుకు తన రెండేళ్ల కష్టం వదులుకుంది. నా నీళ్లు తాగిన పెద్దమనిషి ఆ అబద్ధం టైపు చేయించి తెచ్చాడు. వీళ్లిద్దరిలో ఎవరిని కొట్టివేయాలో తమరే చెప్పండి.

8. కావున తమరిని కోరుకొనునవి:

(అ) షేక్ జెబా పేరు 21వ తేదీలోగా మొదటి స్థానంలో రాసి రాష్ట్ర జాబితాలో పంపవలెను. మిగతావి ఆలస్యమైనా ఓర్చుకుంటాను.

(ఆ) నివేదికలో 'అనధికార వ్యక్తి' అన్నచోట, సుందరి, భర్త ఫ్రాన్సిస్, మిరప కోత కూలీ అని దిద్దించవలెను. దిద్దేది ఆయన చేతనే.

(ఇ) శ్రీ గోపాలకృష్ణయ్య గారిని అదే రోడ్డు మీద, ఉదయం తొమ్మిదింటికి మొదలుపెట్టి, పద్నాలుగు కిలోమీటర్లు పరుగెత్తించవలెను. మోటారు సైకిలు కూడదు. దారి పక్కన నిండు కుండలు పెట్టించాలి, ఆయన చూస్తూ పోవాలి. ఆ రోజు మేము పద్నాలుగు మందీ కోత మానుకుని గట్టు మీద కూర్చుంటాం. పడిపోతే లేపుతాం, మనుషులం గదా. నీళ్లు మాత్రం ఆయన రాసిన నిబంధన ప్రకారమే.

(ఈ) ఇన్నయ్య మీద చర్య అక్కర్లేదు. జరిగింది అతని భార్యకు చెప్పాను, ఆమె చూసుకుంటోంది.

ఇవేవీ జరగని పక్షంలో ఒక మాట ముందే తెలియపరుస్తున్నాను. వచ్చే ఏడాది పరుగు ఏ రోడ్డున పెట్టినా, ఆ రోడ్డుకు రెండు వైపులా మా ఆడవాళ్లు సీసాలు పట్టుకుని నిలబడతారు. మా పల్లెలో అరవై మంది, పక్క పల్లెల్లో ఎందరో. వచ్చిన ప్రతి పిల్లకూ తాగిస్తాం. అందరి పేర్లూ కొట్టేసుకోండి. మొదటి బహుమతి ఎవరికిస్తారో ఆ రోజు మైకులో చెప్పండి, వింటాం.

ఒక కూలీ మనిషి కోపాన్ని తమరు కాగితంగా కాక మాటగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు, ఇతరులకు కాదు,
సుందరి

జతపరిచినవి: ఖాళీ ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు, నివేదిక నకలు ఒకటి, పదమూడు మంది సాక్షుల సంతకాలు, వేలిముద్రలు, ఇంకో కాగితం.

తా.క.: పైన రాసినవేవీ కుదరవని తమరు అనవచ్చునని నాకు తెలుసు. చానా అర్జీలు రాసిన చెయ్యి ఇది. అందుకే చివరన ఇంకో కాగితం పిన్ను కొట్టాను. ఆ రోజు నేనే ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపి, వద్దంటున్నా బలవంతంగా తాగించానని అందులో రాసి సంతకం పెట్టాను. అది అబద్ధం. 20వ తేదీ సాయంత్రం దాకా ఈ అర్జీ మీద ఏమీ కాకపోతే ఇది చింపేసి దాన్ని వాడుకోండి. నా మీద కేసు పెడితే పెట్టండి. గోపాలకృష్ణయ్య సంగతి తర్వాత నేను చూసుకుంటాను, పిల్ల పేరు మాత్రం జాబితాలో పోవాలి. జెబాకు చెప్పొద్దు బాబూ. తెలిసిందంటే కారంపూడి నుంచి మీ ఆఫీసు దాకా పరుగెత్తుకుంటూ వచ్చి మరీ ఆ కాగితం చింపేస్తుంది.