అరిగిన పిన్ను చప్పుడు

మంగళవారం, రాత్రి

మండపేట వరలక్ష్మి గారి పాత టూ స్ట్రోక్ బండి ఈరోజు ఇచ్చేశాను. దాని ఇంజను లోపలి క్రాంక్ పిన్ను అరిగి టకటకమనేది; ఆ పిన్ను ఇప్పుడు ఏ షాపులోనూ దొరకడం లేదు. నేనే లేత్ మీద తయారు చేసి, కొత్త బేరింగుతో బిగించాను. వాళ్ల తమ్ముడు ఒక్క కిక్కు కొట్టగానే స్టార్టయింది. ఆ టకటక పూర్తిగా పోయింది. ఇంజను అంత మెత్తగా తిరుగుతుంటే ఆవిడ మెచ్చుకుంటారని పక్కనే నిలబడ్డాను.

ఆవిడ చాలాసేపు విన్నారు.

"ఆ చప్పుడేదండి?"

"పోయిందండి. పిన్ను అరిగితే వచ్చే జబ్బండి అది."

"ఆయనున్నప్పుడు కాలవగట్టు మలుపులో అది వినబడగానే కంచం పెట్టేసేదాన్నండి."

తమ్ముడు నవ్వేశాడు. ఆవిడ నవ్వలేదు. అరిగిన పిన్ను అడిగి తీసుకుని, కొంగున ముడేసుకుని వెళ్లారు.

ఇన్నేళ్లుగా ఆ చప్పుడు మాన్పడమే నా పని. దాని కోసం ఎదురుచూసేవాళ్లుంటారని నాకెందుకు తట్టలేదో! పాతదే మళ్లీ వేద్దామంటే, దారిలో ఇంజను పట్టేసి, చక్రం బిగుసుకుని ఆ తమ్ముడు పడితే ఎవరిది పాపం?

ఇందాక ఇంటికొస్తూ, సందు మొదట్లో నా బండి చప్పుడు శ్రద్ధగా విన్నాను. అదీ టూ స్ట్రోకే. ఏ లోపమూ లేదు. ఎందుకో, ఇంటి ముందు ఆగి ఒకసారి హారన్ కొట్టాను. కాసేపు అలాగే కూర్చున్నాను. తర్వాత దిగి, జేబులోంచి ఇంటి తాళంచెవి తీశాను.