నాలుగు వందల పన్నెండు

మునేషప్పా,

నీ మేనమామ చాంపియన్ రీఫ్స్ గని లైన్ల నుంచి రాసేది. నా చదువు నీకు తెలిసిందే, తప్పులుంటే దిద్దుకో.

నా వెల్డింగు విడిపోయినందుకే టర్బో జారిందని ఆ కారు ఓనరుతో చెప్పినావంట. నువ్వు మూలన పారేసిన ఆ మానిఫోల్డును, ఇంజిను వేడిపొగను టర్బోకు మోసే పైపుల గుత్తిని, నిన్న మీ అమ్మ తెచ్చి నా ముందర పెట్టింది.

దాన్ని కొనేరోజే చెప్పినాను. "అది ఎర్రగా కాలే చోటు, పైన టర్బో బరువు వేలాడతాది. పోత ఇనుముది తీసుకోప్పా" అని. నువ్వు గ్యారేజీలో అందరి ముందర నవ్వినావు. "మామా, ఇది గనిలో పంపు కాదు, రేసుకు పొయ్యే కారు. తేలిగ్గా ఉండాల, మెరవాల" అన్నావు. మెరిసే సన్నపైపులదే తెచ్చినావు. నీ ఇష్టమని టర్బో కూర్చునే ప్లేటును దానికి నేనే అతికినాను.

గని వర్క్‌షాపులో అతికినవాడు పక్కనే తన నంబరు గుద్దాల. విరిగితే అడిగేది వాడినే. ఆ అలవాటుతో ఇక్కడా నా 412 గుద్దినాను. నువ్వు దాన్ని గ్రైండరుతో అరగదీసి, పనంతా నీదేనని ఓనరుకు చెప్పుకున్నావు. అప్పుడు నేను నోరు మూసుకున్నాను.

ఇప్పుడు కళ్ళు పెట్టి చూడు. అతుకు అట్లే ఉండాది. దానికి నాలుగువేళ్ళ అవతల, నువ్వు ఏరుకున్న పైపే చీలింది.

ఓనరును పిలిచి ఆ చీలిక చూపించు, నిజం చెప్పు. చెప్పేదాకా నా గడప తొక్కొద్దు.

మానిఫోల్డును మీ అమ్మ చేతికే ఇచ్చి పంపుతున్నాను. నువ్వు అరగదీసిన చోటే మళ్ళా 412 గుద్దినాను. ఈసారి లోతుగా గుద్దినాను.

మీ మామ