అర జంట

ఆదివారం, రాత్రి

మా తమ్ముడు నర్సిమ్మ అన్నీ తేల్చుకున్నాకే నాకు చెబుతాడు. బోరు వేసినప్పుడూ అంతే, మామిడి తోట అమ్మినప్పుడూ అంతే. పెద్దవాణ్ని, నన్ను ఒక్కనాడూ అడగలేదు.

ఇవాళ మొయినాబాద్‌లో వాళ్ళింటికి పిలిచాడు. బాలి దీవిలో మూడు వారాలు ఉండి రావడానికి ఖర్చు లెక్క వేశాడట. విమానం, రూము, తిండి, అన్నీ జంటకు ఇంత అని.

"మేమొక జంట, మా వియ్యంకులొక జంట. నువ్వు అర జంట," అన్నాడు.

"అర జంట ఏందిరా? తెగిన చెప్పునా నేను?"

"కోపమెందుకే అన్నా? ఒక్కనివే ఉన్నవ్. మా రూములనే కింద పరుపేపిస్త, ఖర్చు కలిసొస్తది."

"అమ్మో, బావ గురకకు సముద్రం గూడ లేచి కూసుంటది," అంది మరదలు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా భార్య అంజమ్మ పోయి ఏడాది కాలేదు. అక్కడ ఏడుపు రావాలి, రాలేదు. చేవెళ్లలో మా ఇంటికి వచ్చి అన్నం తిన్నాను. కూరలో ఉప్పు ఉందో లేదో తెలియలేదు.

శుక్రవారం టికెట్లు కొంటాడట. ఇందాక ఫోన్ చేశాను.

"నాకు వేరే రూము గావాలె. ఇద్దరి పైసలు నేనే కడ్త. లెక్కల అర కొట్టేసి, జంట అని రాస్తవా, రాయవా? గురువారం లోపల చెప్పు."