నాన్న జీపు అమ్మేశాక

అక్కా, ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. మంచుకి ఫోన్లు పనిచేయక కార్డు రాస్తున్నాను.

నువ్వు వద్దన్నా వినకుండా, కనుమ కింద సొరంగం దారి వచ్చాక నాలుగు చక్రాలూ లాగే బండెందుకని నాన్న జీపు మన ఊరి అంగ్రూప్‌కి అమ్మేసి, ముందు చక్రాలే లాగే పెద్ద కారు కొన్నాను కదా. హాల్డా పండక్కి అమ్మను కులూ నుంచి తెస్తుంటే, సొరంగం దాటగానే కారు మంచులో జారి గట్టుకి గుద్దుకుంది. అంగ్రూపే ఆ జీపుతో వచ్చి లాగాడు. "సోకులన్నీ ఉన్నాయిగానీ తమ్ముడూ, వెనక చక్రాలకి పని చెప్పడం మరిచారు!" అన్నాడు. అమ్మ కొత్త కారుకి శుభమని తానే కట్టిన తెల్ల ఖతక్ కండువా విప్పి, జీపుకి కట్టి, అందులోనే ఇల్లు చేరింది.

ఉన్ని మేజోళ్ళు పంపు. బావ దగ్గు తగ్గిందా? జీపు తిరిగిమ్మని అడగడానికి నాకు మొహం లేదు, అంగ్రూప్‌కి నువ్వే రాయి.

అమ్మ నీకు దీవెనలు చెప్పమంది, అదీ పక్కింటావిడ చేత. నాతో ఇంకా మాట్లాడటం లేదు.

ఛెరింగ్